తొలగించిన వికీపీడియా పేజీ: తిరిగి తెప్పించుకోవాలా, కొత్తగా రాయాలా?

వికీపీడియాలో మీరు రాసిన వ్యాసం తొలగింపుకు గురై, దాని లింకు ఎర్రబడిందనుకోండి. నిర్వాహకులను అడిగి పాత పేజీని పునస్థాపన చేయించుకోవచ్చు, లేదా అదే పేరుతో కొత్తగా రాయవచ్చు. ఎవరినీ అడిగే పని లేదని చాలామంది రెండో దానికే దిగుతారు. నేను మాత్రం ఒకటి రెండు సందర్భాల్లో తప్ప మొదటిదే మేలంటాను.

తొలగించిన పేజీ చెరిగిపోదు. దాని కూర్పులన్నీ డేటాబేసులోనే ఉంటాయి, మామూలు వాడుకరులకు కనబడవు, అంతే. పునస్థాపిస్తే పాఠంతో పాటు పేజీ చరిత్ర కూడా వస్తుంది. ఎవరు ఏ రోజున ఏ వాక్యం చేర్చారో, పుట్టిన తేదీకి మూలం ఎవరు వెతికి పెట్టారో, అచ్చుతప్పులు ఎవరు దిద్దారో అంతా అందులో ఉంటుంది. రాసినవారికి గుర్తింపు ఇవ్వాలన్నది వికీపీడియా లైసెన్సు షరతు. మీ దగ్గర దాచుకున్న ప్రతిని తెచ్చి అతికిస్తే అందరి శ్రమా మీ ఒక్కరి పేరున చేరుతుంది. అది అన్యాయం. పైగా చర్చ జరిపి తొలగించిన పేజీని మార్పులేమీ లేకుండా మళ్ళీ పెడితే, ఇంగ్లీషు వికీపీడియాలో ఇంకో చర్చ లేకుండానే తీసేయవచ్చు.

అయితే కాపీహక్కులున్న పాఠాన్ని పునస్థాపించరు, అడగనూ కూడదు. భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్‌పై 2014లో ఇంగ్లీషులో వచ్చిన పేజీని ఈ కారణంతోనే తొలగించారు. 2018 మేలో మరొకరు చేసిన ప్రయత్నాన్ని మూలాలు చాలవని తిప్పిపంపారు. ఆ అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించాక గానీ వ్యాసం రాలేదు. కొత్తగా రాసినా స్వతంత్ర మూలాలు లేకపోతే నిలవదన్నమాట.

117వ మూలకం టెనెసిన్ ఆవిష్కరణలో పాలుపంచుకున్న క్లారిస్ ఫెల్ప్స్ పేజీని 2019లో తొలగించారు. పదే పదే చర్చలు నడిచాక 2020లో అది తిరిగొచ్చింది. ఆలస్యమైనా ఓపిగ్గా వాదించినవారిదే పైచేయి అయింది.

మూలాలు లేని రెండు మూడు వాక్యాల మొలక (బాగా చిన్న వ్యాసం), అదీ మీరొక్కరే రాసినదైతే, దానికోసం ఎవరినీ అడగనక్కరలేదు. ప్రయోగశాలలో, అంటే వికీపీడియాలో చిత్తు రాసుకునే మీ పేజీలో, మొదటినుంచి రాసుకోండి.

మిగతా వాటికి ముందు తొలగింపు చిట్టా (తొలగింపులన్నీ నమోదయ్యే జాబితా) చూడండి. ఎవరు, ఏ కారణంతో తీశారో అక్కడ ఉంటుంది. ఆ నిర్వాహకుల చర్చ పేజీలోనే మర్యాదగా అడగండి. "ఎందుకు తీశారు?" అని నిలదీస్తే పని జరగదు. "ఈ విషయంపై ఈ రెండు పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. పేజీని నా వాడుకరి పేజీకి ఉపపేజీగా పునస్థాపిస్తే మూలాలు చేర్చి మీకు చూపిస్తాను" అని రాయండి. వ్యాసం వెంటనే ప్రధాన పేరుబరిలోకి (అసలు వ్యాసాలుండే చోటికి) రాదు కాబట్టి వారికీ అభ్యంతరం తక్కువ. పాత చరిత్ర చెక్కుచెదరదు, తిరగరాసే స్వేచ్ఛ మీకు ఉంటుంది. వారు కాదంటే వాడుకరులందరూ చర్చించుకునే పేజీ రచ్చబండలో చర్చకు పెట్టండి.