కటాటుంబో మెరుపులు: చూడాలంటే ఎక్కడ ఉండాలి?

ఒకే చోట రాత్రిళ్ళు గంటల తరబడి ఆగకుండా మెరిసే ఈ మెరుపుల కోసం దక్షిణ అమెరికాలోని వెనెజువెలా దాకా వెళ్ళి, మరకైబో నగరంలో హోటల్ తీసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పని చేయకండి. కటాటుంబో నది మరకైబో సరస్సులో కలిసే మూల ఆ నగరానికి దక్షిణంగా వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. మేడ మీద నుంచి చూస్తే, ట్యూబ్‌లైట్ వెలిగే ముందు కొట్టుకున్నట్టు ఆకాశం అంచున వెలుగు కనిపిస్తుంది, అంతే. పూర్వం ఓడల వాళ్ళు ఆ వెలుగునే గుర్తు పెట్టుకుని దారి చూసుకునేవారట. 'మరకైబో దీపస్తంభం' అన్న పేరు అందుకే వచ్చింది. మనకు ఓడ లేదు కాబట్టి ఆ ఉక్కపోతలో, కరెంటు కోతల్లో ఉండే అవసరం కూడా లేదు.

మేం మెరిడా మీదుగా వెళ్ళాం. ఆండీస్ కొండల్లో 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, చల్లగా ఉంటుంది. 4,765 మీటర్ల దాకా ఎక్కించే కేబుల్ కారు ఉంది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఎక్కితే డబ్బు దండగ కాదు. మెరుపుల టూర్లు నడిపేవాళ్ళు చాలామంది ఇక్కడే దొరుకుతారు. కొండ దిగి, అరటి తోటల మధ్య నుంచి ప్వెర్టో కోంచా రేవు చేరడానికి సగం పూట పడుతుంది. దారి పొడవునా చెక్‌పోస్టులు ఉంటాయి కాబట్టి పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోండి.

రేవు నుంచి మరబోటు. హువాన్ మాన్యుయెల్ చిత్తడి అడవి జాతీయ ఉద్యానంలో కాలువల వెంట సాగే ఈ దారి మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చిన భాగం. కొంగలు, చెట్ల మీద గొంతు చించుకునే కోతులు, అదృష్టం ఉంటే డాల్ఫిన్లు. ఇక్కడే ఒక ఫిర్యాదు. అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తామన్న ఏజెన్సీ (పేరు వద్దు లెండి) బోటులో సగం మందికే సరిపడా పెట్టింది. జాకెట్లు కళ్ళతో చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

బస ఓలోగా అనే పల్లెలో. నీళ్ళలో గుంజలు పాతి, పైన చెక్కలు పరిచి, రేకులు కప్పిన ఇళ్ళు. పడక ఉయ్యాల వలలోనో, దోమతెర కింద పరుపు మీదో. మరుగుదొడ్డి నేరుగా సరస్సు మీదికే. జనరేటర్ కాసేపే నడుస్తుంది, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. భోజనం మాత్రం వంక పెట్టలేం: అప్పుడే పట్టిన చేప వేపుడు, పచ్చి అరటికాయను చితక్కొట్టి వేయించిన పటకోన్. శాకాహారులు అటుకులో, పచ్చడి సీసానో వెంట తెచ్చుకోవాలి.

మెరుపులు సాయంత్రమే మొదలవ్వొచ్చు గానీ, అసలు జోరు అర్ధరాత్రి దాటాకే. ముందే పడుకుని రెండింటికి లేవడం మేలు. మూడు పక్కలా కొండలు, మధ్యలో పగలంతా వేడెక్కిన నీళ్ళు. కరీబియన్ వైపు నుంచి వచ్చే తేమ గాలి రాత్రి కొండలకు తగిలి పైకి లేస్తుంది, మేఘాలు అక్కడే పేరుకుంటాయి. చిత్తడి నేలల మీథేన్ వాయువు వల్ల అని గైడ్లు ఇప్పటికీ చెప్తారు, శాస్త్రవేత్తలు దాన్ని పెద్దగా నమ్మరు. ఉపగ్రహ సమాచారంతో 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఇక్కడ చదరపు కిలోమీటరుకు ఏటా సుమారు 233 మెరుపులు, ప్రపంచంలో ఇదే ఎక్కువ. మా ఆవిడ అలవాటు కొద్దీ "అర్జునా, ఫల్గుణా" అని మొదలుపెట్టింది. కిరీటి దాకా రాకముందే ఇంకోటి మెరిసేది. కాసేపటికి మానేసింది.

దూరాన ఉన్నంతసేపూ చప్పుడే ఉండదు, అందుకే దీన్ని ఉరుము లేని మెరుపు అంటారు. దగ్గరికొస్తే రేకులు అదురుతాయి. మేం బస చేసిన ఇంటావిడకు ఇదేమీ వింత కాదు. మగవాళ్ళు ఈ వెలుగులోనే వలలు చూసుకుంటారు, గాలి మారితే తిరిగొచ్చేస్తారు. ఆమె దిగులు పూడికది. పక్కనున్న కాంగో మిరడోర్ పల్లె కింద మేట పేరుకుపోయి, జనం ఇళ్ళు విప్పి పడవల మీద పట్టుకుపోయారు. ఈ సరస్సు ఉన్న సూలియా రాష్ట్ర జెండాలో ఈ మెరుపు బొమ్మ ఉంది, సరస్సు అడుగున చమురుంది. మెరుపు కింద కాపురం ఉన్నవాళ్ళకు మాత్రం బల్బు జనరేటర్ దయ.

ఒక్క రాత్రికే వెళ్ళొద్దు. మబ్బు మూసుకుపోతే ఏమీ కనబడదు, అందుకు డబ్బు వెనక్కి ఇవ్వరు. రెండు రాత్రులు పెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. జనవరి, ఫిబ్రవరి వద్దు. 2010 మొదట్లో కరువు వచ్చి వారాల తరబడి మెరుపే లేదు. భారతీయులు వీసా ముందే తీసుకోవాలి, ప్రయాణ హెచ్చరికలు చూసుకునే టికెట్ కొనాలి. చిన్న పిల్లలతో, నడుం నొప్పితో వెళ్ళే చోటు కాదు. డాలర్లు చిన్న నోట్లుగా, చిరుగు లేకుండా తీసుకెళ్ళండి, చిల్లర దొరకదు. భోజనం, బస డబ్బులో ఆ ఇంటివాళ్ళకు ఎంత ముడుతుందో ఏజెన్సీని ముందే అడగండి. మాకు సూటిగా జవాబు రాలేదు, వచ్చేటప్పుడు ఇంటావిడ చేతికే విడిగా ఇచ్చాం.