దూర ప్రయాణానికి స్పోర్ట్స్ కారా, మామూలు కారా: ఏది మేలు?

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకి లాంగ్ ట్రిప్ అనగానే చెయ్యి ముందు ఆ తాళం మీదికే వెళ్తుంది. దాన్ని కొన్నదే అందుకు కదా అనిపిస్తుంది. నా దగ్గర రెండు సీట్ల, పైకప్పు తెరుచుకునే చిన్న రోడ్‌స్టర్ ఒకటి, ఇంటిల్లిపాదీ వాడే సెడాన్ ఒకటి ఉన్నాయి. రెండింటిలోనూ చాలా దూరాలు తిరిగాక నాకు తేలిందేమిటంటే, ఏ కారు తీసుకెళ్లాలని నడిపేవాణ్ణి అడగకూడదు. వాడి జవాబు ఎలాగూ తెలిసిందే. పక్క సీట్లో కూర్చునేవాళ్లని అడగాలి.

నడిపేవాడికి చేతిలో స్టీరింగ్ ఉంటుంది, ముందు వచ్చే గుంత కనిపిస్తుంది, ఒళ్లు దానికి సిద్ధమవుతుంది. పక్కనున్నవాళ్లకి కుదుపు మాత్రమే దక్కుతుంది. మలుపుల్లో స్పోర్ట్స్ కారు ఒరగకుండా ఉండాలని కుదుపుల్ని మింగాల్సిన సస్పెన్షన్ గట్టిగా పెడతారు, టైరు పక్కగోడ పొట్టిగా ఉంటుంది. అందుకే రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకి తెలుస్తుంది. ఒకసారి చిన్ననాటి స్నేహితుణ్ణి ఎక్కించుకుని నాలుగు రోజుల ట్రిప్ వేశాను. మొదటి రోజు ‘అదిరిందిరా’ అన్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికి మాట తగ్గింది. మూడో రోజు టీ తాగుతూ, ‘ఒరేయ్, తిరుగు ప్రయాణం నేను బస్సులో వస్తానురా, ఏమీ అనుకోకు’ అన్నాడు.

వాణ్ణి అంతగా అలసగొట్టింది కుదుపులకన్నా శబ్దమే. ఊళ్లో సరదాగా వినిపించే సైలెన్సర్ మోత హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆగని రొదగా మారుతుంది. గుడ్డ పైకప్పు అయితే దానికి గాలి హోరు తోడు. సెడాన్‌లో పాటలు వింటూ, మధ్యలో ఓ కునుకు తీసి దిగొచ్చు.

ఇక సామాను. ఇక్కడ అంకెలు చూస్తేనే విషయం బోధపడుతుంది. మధ్యస్థాయి సెడాన్ డిక్కీ 450 నుంచి 500 లీటర్ల దాకా ఉంటుంది. ఇప్పటి మాజ్డా ఎంఎక్స్-5 డిక్కీ 130 లీటర్లు. పోర్షా 911కి ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి డిక్కీ ముందుంది, అదీ సుమారు 130 లీటర్లే. కాకపోతే దాని వెనక బుల్లి సీట్లు మనుషులకన్నా సంచులకే బాగా పనికొస్తాయి. బీఎండబ్ల్యూ జెడ్4 నయం, 281 లీటర్లు. పైకప్పు తీసినా ఆ చోటు తగ్గదు. రేకు పైకప్పు మడిచి డిక్కీలోకి దించుకునే పాత జెడ్4లో మాత్రం 310 లీటర్లు కాస్తా 180కి పడిపోయేది. అంటే ఎండలో పైకప్పు తీయాలో, రెండో సంచి పెట్టుకోవాలో తేల్చుకోవాల్సిందే. ఇంజిన్ సీట్ల వెనకే ఉండే కార్లలో ఇంకో తమాషా ఉంది. వెనక డిక్కీ వేడెక్కుతుంది, చాక్లెట్లు పెడితే దిగేసరికి పాకమే. పెట్టేది ఏ స్పోర్ట్స్ కారులోనైనా గట్టి సూట్‌కేసులు వద్దు, మూలల్లోకి ఒదిగే మెత్తటి సంచులే దారి.

పంక్చర్ గురించి చాలామంది బయల్దేరాకే ఆలోచిస్తారు. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. జిగురు సీసా, గాలి పంపు ఇస్తారు. చిన్న మేకు గుచ్చుకుంటే అది సరిపోతుంది, టైరు పక్కగోడ చీలితే దేనికీ పనికిరాదు. రన్‌ఫ్లాట్ టైర్లయితే గాలి పోయాక కూడా సాధారణంగా గంటకి 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు లాగించొచ్చు. కానీ ముందూ వెనకా వేర్వేరు సైజులున్న టైరు దారిలోని చిన్న షాపులో దొరకడం కష్టం. నాకు ఒకసారి అలా రెండు రోజులు పోయాయి. వెళ్లేది చలి ప్రాంతానికైతే ఇంకో సంగతి. వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువలో బిగుసుకుని పట్టు కోల్పోతుంది.

పెట్రోలు ఖర్చు మీద మాత్రం ఉన్నంత భయం అక్కర్లేదు. టన్ను బరువుండే చిన్న రోడ్‌స్టర్ పెద్ద ఎస్‌యూవీ కన్నా తక్కువే తాగుతుంది. చూసుకోవాల్సింది ఆక్టేన్, అంటే పెట్రోలు ఏ రకమో చెప్పే అంకె. హై ఆక్టేన్ అడిగే ఇంజిన్‌కి మారుమూల బంకులో అది దొరక్కపోతే టెన్షన్.

ఇన్ని చెప్పినా, మలుపుల రోడ్డు మొదలైతే నేనే మాట మారుస్తాను. కారు కిందికి ఉండటం వల్ల ఒరగదు, బ్రేకు వేసిన చోట ఆగుతుంది, ముందున్న లారీని దాటడానికి ఎదుటి లేన్‌లో గడిపే సమయం తగ్గుతుంది. మా ఇంట్లో ఘాట్ రోడ్డు అంటే ఎత్తైన కారులో వాంతులు చేసుకునే మనిషి రోడ్‌స్టర్‌లో హాయిగా కూర్చుంది. సెడాన్‌లో ఆ రోడ్డు దాటాల్సిన దూరం మాత్రమే, రోడ్‌స్టర్‌లో ఆ రోడ్డుకోసమే వెళ్లినట్టుంటుంది.

నడిమి దారి కావాలంటే గ్రాండ్ టూరర్లు, అంటే జీటీలు ఉన్నాయి. ఆ రెండు అక్షరాలు ఇప్పుడు ప్రతి బండికీ అతికించేస్తున్నారు గానీ, అసలు జీటీ అంటే వేగంగా, సుఖంగా దూరం పోవడానికి చేసిన కారు. అది లేనివాళ్లకి నేను చెప్పేది, సెడాన్‌లో వెళ్లి, మలుపులున్న చోట ఒక్కరోజుకి స్పోర్ట్స్ కారు అద్దెకి తీసుకోండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు అన్న షరతు, టైర్లకీ కారు అడుగుభాగానికీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా, ఈ రెండూ సంతకానికి ముందే చదవండి.

ఇద్దరే అయితే, మూడు నాలుగు రోజులకి మించకపోతే, దారిలో సగమైనా మలుపులుంటే నేను రోడ్‌స్టరే తీస్తాను. రోజుకి ఆరేడు గంటలు తిన్నటి హైవే అయితే సెడానే. వచ్చే నెల ట్రిప్‌కి రోడ్డు అద్భుతంగా ఉంది, అన్నీ మలుపులే. కానీ మా అత్తగారు కూడా వస్తానన్నారు, సెడాన్‌కి సర్వీసింగ్ చేయించాను.