నిల్వ ఉంచిన పడవలో చెమ్మకూ బూజుకూ డెసికెంట్ డీహ్యూమిడిఫైయర్: రెండు నిల్వ కాలాల అనుభవం

పడవను నెలల తరబడి ఒడ్డున నిలిపి, పైన టార్పాలిన్ కప్పి, తాళం వేసి వెళ్లినవాళ్లకు తిరిగి క్యాబిన్ తలుపు తీసిన రోజున ముందుగా ఎదురొచ్చేది ముక్కిపోయిన వాసన. నా పడవలో ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని పడక మీది మెత్తను లేపాను. పైకి శుభ్రంగానే కనిపించిన ఆ మెత్త అడుగున, ఫైబర్‌గ్లాస్‌కు ఆనుకున్న మేరంతా, కుట్టు వెంబడి ఆవగింజలంత నల్లని మచ్చలు వరుసగా ఉన్నాయి. వేలితో రాస్తే జిడ్డుగా అంటుకున్నాయి. ఆ ఏడాదే గాలిలోని తేమను తీసే డీహ్యూమిడిఫైయర్ యంత్రాల్లో చక్రం తిరిగే డెసికెంట్ రకం ఒకటి కొని, అప్పటి నుంచి రెండు నిల్వ కాలాలు పూర్తిగా దానితోనే గడిపాను.

అంతకుముందు కాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బాలనే నమ్ముకున్నాను. ఆ లవణం గాలిలోని నీటి ఆవిరిని లాక్కుని, చివరకు తానే అందులో కరిగి ద్రవంగా అడుగు పాత్రలోకి దిగుతుంది. దానికి కరెంటు అక్కరలేదు, చప్పుడు ఉండదు, మూసి ఉన్న ఒక అరకో చిన్న అలమరకో అది చక్కగా సరిపోతుంది. అయితే గుళికలన్నీ కరిగాక డబ్బా పని ఆగిపోతుంది, మనం వారాల తరబడి పడవ దగ్గరికి వెళ్లకపోతే ఆ సంగతి తెలిసే దారి లేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఆ ద్రవంతోనే వచ్చింది. బల్ల మీద పెట్టిన డబ్బా ఒకటి ఒరిగి, ద్రవం కింది అరలోకి కారి, అక్కడి అల్యూమినియం పట్టీ మీద తెల్లటి పొడి తేలి గుంటలు పడ్డాయి. ఆ ద్రవం మామూలు నీళ్లలా దానంతట అది ఆరిపోదు. గుడ్డతో తుడిచినా జిగట మిగిలే ఉంటుంది కాబట్టి మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగితే గానీ వదలలేదు. ఇప్పటికీ ఆ డబ్బాలు వాడేవారు వాటిని సింకులో గానీ ఎత్తైన అంచులున్న ప్లాస్టిక్ తొట్టిలో గానీ ఉంచడం మంచిది.

ఇక యంత్రం సంగతి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే కంప్రెసర్ రకం, గాలిని చల్లని గొట్టాల మీదుగా పంపి అందులోని తేమను నీటి బొట్లుగా మారుస్తుంది. చుట్టూ ఉన్న వేడి సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గేకొద్దీ ఆ గొట్టాల మీద మంచు పేరుకుని దాని పని మందగిస్తుంది. డెసికెంట్ రకంలో జియోలైట్ వంటి తేమను పీల్చే పదార్థం పూసిన చక్రం నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. చక్రంలో ఒక భాగం క్యాబిన్ గాలిలోని తేమను పట్టుకుంటుంటే, మరో భాగాన్ని లోపలి హీటర్ వేడి చేసి ఆ తేమను వదిలిస్తుంది, అది నీరై గొట్టం గుండా బయటికి పోతుంది. ఇందులో మంచు పేరుకునే చల్లని గొట్టాలు ఉండవు కనుక చలికాలంలో పడవను ఒడ్డున ఉంచేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. వెచ్చని వాతావరణంలో నిల్వ చేసేవారికి మాత్రం కంప్రెసర్ రకమే మేలు, ఎందుకంటే డెసికెంట్ యంత్రం లోపలి హీటర్ వల్ల కరెంటును ఎక్కువగా వాడుకుంటుంది.

పడవ లోపల నెమ్ము ఎందుకు దిగుతుందో తెలిస్తే యంత్రం చేసే పని అర్థమవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే సుమారు 9 గ్రాములకు మించి పట్టదు. పగలు వెచ్చబడిన క్యాబిన్ రాత్రి చల్లారినప్పుడు, మిగిలిన నీరంతా పడవ గోడ మీద, మెత్తల వెనుక, అలమరల మూలల్లో చెమరుస్తుంది. సాపేక్ష తేమ, అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్న శాతం, 60కి లోపల నిలకడగా ఉంటే బూజు లేవడం కష్టం. మొదటి నెల నా తేమ మీటరు చూపిన అంకెలు నమ్మవచ్చో లేదో తెలియక, ఒక సీసా మూతలో ఉప్పును ముద్దగా తడిపి, మీటరుతో కలిపి గాలి చొరని సంచిలో కొన్ని గంటలు ఉంచాను. ఆ సంచిలో తేమ 75 శాతం దగ్గర నిలవాలి. నా మీటరు 71 చూపింది, అంటే ప్రతి అంకెకూ 4 కలుపుకోవాలి. ఆ లెక్క ప్రకారమే చూసినా, యంత్రం పెట్టకముందు 80 దాటిన క్యాబిన్ తేమ, పెట్టాక 50, 55 శాతాల మధ్య నిలిచింది. మరీ తగ్గించి 40కి దించితే లోపలి చెక్క పలకలు కుంచించుకుని బీటలు విచ్చే ప్రమాదం ఉంది కనుక నేను అంతకు దించలేదు.

అయితే ఈ యంత్రం పాత బూజును పోగొట్టదు. ఆరిన బూజు పెరగడం ఆగుతుందే తప్ప, దాని ధూళి అక్కడే ఉండి ముక్కునూ ఊపిరితిత్తులనూ ఇబ్బంది పెడుతూనే ఉంటుంది. అందువల్ల మొదటి ఏడాది యంత్రాన్ని బిగించే ముందు రెండు రోజులు పూర్తిగా శుభ్రతకే కేటాయించాను. ఎన్95 మాస్కు పెట్టుకుని, సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్‌తో పైధూళిని లాగి, ఫైబర్‌గ్లాస్ మీద నీళ్లు కలపని తెల్ల వెనిగర్ చల్లి, గంట ఆగి తుడిచాను. బ్లీచు మరకను తెల్లబరుస్తుంది గానీ మెత్తల్లోకీ చెక్కలోకీ దిగిన బూజును వేళ్లతో సహా తీయలేదు, పైగా వినైల్ కుట్టుదారాన్ని బలహీనపరుస్తుంది. బ్లీచునూ వెనిగర్‌నూ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసి ఉన్న క్యాబిన్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఫోములోకి బూజు దిగిన రెండు మెత్తలను మనసు ఒప్పకపోయినా పారేశాను.

కొనేవారు ముందుగా గ్రహించవలసిన విషయం మరొకటి ఉంది. గాలి ఆడేలా తెరిచి ఉంచడం ఒక దారి, మూసి ఆరబెట్టడం మరొక దారి. రెండింటినీ సగం సగం చేస్తే రెండూ చెడతాయి. గాలి రంధ్రాలు తెరిచి యంత్రం నడిపితే అది బయటి లోకాన్నంతా ఆరబెట్టడానికి పూనుకుంటుంది, యంత్రంలోని నీటి తొట్టి నిండుతుంది, క్యాబిన్ మాత్రం ఆరదు. నేను గాలి రంధ్రాలను మూసి, లోపలి అరల తలుపులన్నీ తెరిచి, మిగిలిన మెత్తలను అంచు మీద నిలబెట్టి, బిల్జ్‌లో, అంటే పడవ అడుగున నీరు చేరే చోట, చుక్క నీరు లేకుండా ఒత్తి తీశాను. సముద్రంలో తిరిగిన పడవైతే ఉప్పు పట్టిన తాళ్లనూ లైఫ్ జాకెట్లనూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఎందుకంటే బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది. పెట్రోలు ఇంజను ఉన్నవారు ఇంజను గది గాలి గొట్టాలను ఎన్నడూ మూయకూడదు, ఈ యంత్రాన్ని ఆ గదిలో పెట్టకూడదు. పెట్రోలు ఆవిరి అడుగున పేరుకుంటుంది, యంత్రం లోపలి హీటరు వల్ల అది అంటుకోవచ్చు.

లోపాలు లేకపోలేదు. నేను మొదట కొన్న నమూనాకు తాకితే పనిచేసే మీటలు ఉండేవి. ఒకసారి కరెంటు పోయి వచ్చాక అది తిరిగి మొదలు కాలేదు, నేను వెళ్లి చూసేసరికి మూడు వారాలు గడిచి కిటికీ అద్దాల మీద మళ్లీ నీటి బొట్లు నిలిచి ఉన్నాయి. ఆ తర్వాత తిప్పే మీట ఉన్న నమూనాకు మారాను; కరెంటు రాగానే అదే మొదలవుతుంది. కొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. తొట్టి నిండితే యంత్రం ఆగిపోతుంది కాబట్టి గొట్టాన్ని సింకులోకి వదిలి, అది ఎక్కడా పైకి వంగకుండా చూడాలి. దుమ్ము ఫిల్టరును నెలకోసారి కడగకపోతే గాలి తగ్గి చప్పుడు పెరుగుతుంది.

కరెంటు అందే చోట పడవను నిల్వ చేసి, నెలకు ఒకసారైనా వెళ్లి చూడగలిగేవారికి ఈ రకం యంత్రాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. కరెంటు లేని చోట నిల్వ చేసేవారు దీని జోలికి పోకుండా, టార్పాలిన్ కింద ముందూ వెనుకా గాలి దారులు వదిలి, మూసిన అరల వరకు మాత్రం కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టుకోవడం మేలు. రెండో నిల్వ కాలం చివర తలుపు తీసినప్పుడు ఆ పాత మెత్త అడుగున కుట్టు వెంబడి వేలు రాసి చూశాను. వేలికి ఏమీ అంటలేదు.