డబ్బా మీద అంకెను నమ్మాలా, ముద్రను నమ్మాలా?

క్రీములు, లోషన్ల డబ్బాల మీద ఊరికే "నేచురల్", "క్లీన్" అని చాలామంది రాసేసుకుంటారు, అమెరికాలో మందులు, కాస్మెటిక్స్‌ని చూసే ఎఫ్‌డీఏ కూడా కాస్మెటిక్స్‌లో "నేచురల్" అంటే ఏమిటో నిర్వచించలేదు. "ఐఎస్ఓ 16128 (ఒక అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం 98% సహజం" అని కనిపిస్తే కాస్త నయం అనిపిస్తుంది కానీ, అది లెక్క కట్టే పద్ధతి మాత్రమే, పైగా అందులో నీళ్లు కూడా సహజం కిందికే వస్తాయి కాబట్టి సగానికి పైగా నీళ్లే ఉన్న లోషన్‌కి పెద్ద అంకె రావడం ఏమంత గొప్ప కాదు.

సహజ, ఆర్గానిక్ కాస్మెటిక్స్‌కి ఇచ్చే కాస్మోస్ (COSMOS) సర్టిఫికేషన్ ముద్ర వేరు. బయటి సంస్థ తనిఖీ చేస్తుంది, ఫినాక్సీఇథనాల్ లాంటి ప్రిజర్వేటివ్‌లని ఒప్పుకోరు. ఆర్గానిక్ ముద్ర కావాలంటే మొత్తం ఉత్పత్తిలో కనీసం 20% (కడిగేసుకునే వాటికైతే 10%) ఆర్గానిక్ ఉండాలి. అవును, అంతే! నీళ్లని ఆర్గానిక్‌గా లెక్కించరు మరి.

అలర్జీ రాదని మాత్రం రెండూ చెప్పవు. నేనైతే ముద్ర ఉన్నదే తీసుకుంటా, అదీ వెనక పదార్థాల పట్టీ చదివాకే.