300 అని చూపిస్తే 300 అనుకోకండి: నాలుగు నెలలు వాడిన ఇండక్షన్ స్టవ్ గురించి

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నల్లగొండలో ఉంటాం. మా ఇంటామెకు మోకాలి ఆపరేషన్ అయ్యాక వంట నా చేతికి వచ్చింది. గ్యాస్ పొయ్యి ముందు గంటసేపు నిలబడటం నాకూ కష్టమే. తక్కువ ఎత్తు బల్ల మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని వండుకోవచ్చని ఒక ఇండక్షన్ స్టవ్ కొన్నాను. 2,000 వాట్లది, 2,700 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఈ ధరలో దొరికే చాలా స్టవ్వులకు వర్తిస్తుంది.

ముందు ప్లగ్ సంగతి. షాపులో అబ్బాయి చిన్న సాకెట్‌కు పెట్టుకోండి అంటూ ఒక కన్వర్టర్ చేతిలో పెట్టాడు. నేను అక్కడే తిరిగి ఇచ్చేశాను. 2,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే చేసింది. ఇలా వాడి కరిగిపోయిన సాకెట్లు నా సర్వీసులో చాలా చూశాను. దయచేసి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే పెట్టండి.

ఇక వేడి తగ్గించడం, పెంచడం. దీంట్లో మూడు దారులున్నాయి: వాట్లు, డిగ్రీలు, పాలు, దోసె, కూర అని బొమ్మలున్న బటన్లు. బొమ్మల బటన్లను వారంలోనే వదిలేశాను. గిన్నెలో ఉన్నవి అర లీటరు పాలా, రెండు లీటర్లా అనేది ఆ బటన్‌కు తెలియదు. ముందే పెట్టి ఉంచిన వేడి, ముందే పెట్టి ఉంచిన టైము, అంతే. పాల బటన్ నొక్కి బయట పేపరు తీసుకురావడానికి వెళ్లాను, వచ్చేసరికి పాలన్నీ గాజు పలక మీద ఉన్నాయి. ఆపుదామంటే తడికి టచ్ బటన్లు పనిచేయలేదు. టెన్షన్‌లో గోడ స్విచ్ ఆపేశాను. అదీ మంచిది కాదు. స్టవ్ ఆపాక లోపలి ఫ్యాన్ కాసేపు తిరిగి కాయిల్‌ను (గిన్నెను వేడెక్కించే తీగచుట్టను), సర్క్యూట్‌ను చల్లబరచాలి. స్విచ్ తీసేస్తే ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు పక్కన ఎప్పుడూ ఒక పొడి గుడ్డ పెట్టుకుంటున్నాను.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది తక్కువ మంట. పప్పు మెత్తబడ్డాక మామిడికాయ ముక్కలు వేసి 300 వాట్ల మీద పెడితే కుతకుతమని ఉడికి, ఒక్కసారిగా చల్లబడి, మళ్లీ ఉడికేది. అడుగు మాత్రం అంటుకునేది. స్టవ్ పాడైందేమో అనుకున్నాను. ఒకరోజు ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపి మీటరు దగ్గర నిలబడ్డాను. మా మీటరు ఎర్ర లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. 300 వాట్లు నిలకడగా కాలుతుంటే నిమిషానికి 16 సార్లు, అంటే దాదాపు నాలుగు సెకన్లకోసారి వెలగాలి. అలా జరగలేదు. మూడు నాలుగు సార్లు చకచకా వెలిగింది, తర్వాత ఎనిమిది తొమ్మిది సెకన్లు చప్పుడు లేదు. లోపల స్టవ్ పక్కన కూర్చున్న మా ఇంటామె, "ఇగో, ఉడుకుతోంది... ఇగో, ఆగింది" అని చెబుతూనే ఉంది. లైటు వెలిగినప్పుడల్లా ఉడుకు, ఆగినప్పుడల్లా ఆగుడు.

నిమిషం మొత్తం లెక్కేస్తే 16 దగ్గరకే వచ్చింది. అంటే సగటు 300 వాట్లే. కానీ అది 1,000 వాట్ల మంటను కాసేపు వేసి, కాసేపు తీసేసి తెచ్చిన సగటు. చవక స్టవ్వుల సర్క్యూట్ ఒక స్థాయికంటే కిందికి నిలకడగా దిగలేదు. దిగితే కాయిల్‌కు కరెంటు ఇచ్చే స్విచ్ వేడెక్కిపోతుంది. అందుకే ఆపుతూ, వేస్తూ నడిపిస్తుంది. మా దాంట్లో 1,000 నుంచి పైకి లైటు ఒకే లయలో వెలుగుతుంది, అక్కడి నుంచి నిలకడగా ఉంటుంది.

దీనికి మందు గిన్నెలోనే ఉంది. పలుచటి స్టీలు గిన్నె వేడిని పట్టి ఉంచుకోదు. మందపాటి అడుగున్న గిన్నె, ఇనుప పెనం పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ ఆగుడు తెలియదు. గిన్నె మార్చాక పప్పు ఒక్కసారి కూడా అంటుకోలేదు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటేనే గిన్నె పనికొస్తుంది. అల్యూమినియం, రాగి, కొన్ని స్టీలు గిన్నెలు పనికిరావు.

అందుకే తపాలచెక్క దగ్గర బాధపడ్డాను. అమ్మ కాలం నుంచి వస్తున్న మా తపాలా అల్యూమినియంది, పైగా అడుగు గుండ్రం. చివరికి బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, చల్లటి ఇనుప మూకుడులో నూనె రాసి ఒత్తి, చిల్లులు పెట్టి, మూతేసి 400 మీద పెట్టాను. మూకుడు అడుగు చదునుగా ఉండాలి. ఇరవై నిమిషాలకు అడుగు ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. జొన్నరొట్టె మాత్రం రాలేదు. లోపలి కాయిల్ చిన్నది, పెనం పెద్దది. నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది. రొట్టెలకు గ్యాసే.

డిగ్రీల సంగతీ చెప్పాలి. వేడిని కొలిచే సెన్సర్ గాజు పలక కింద ఉంటుంది. అది చూసేది పలక వేడిని, మూకుడులోని నూనెను కాదు. సంక్రాంతికి సకినాలు 180 డిగ్రీలు పెట్టి వేయించాను. మొదటి వాయి పైన ఎర్రబడింది, లోపల మెత్తగా ఉంది. తర్వాత వాట్లకు మార్చి, 1,200 మీద నూనె కాగనిచ్చి, వాయి వేశాక 1,000కి దించి, నూనెను కళ్లతో చూసుకుంటూ వేయించాను. బాగా వచ్చాయి.

ఖర్చు కూడా మీటరు లైటుతోనే లెక్కేశాను. 1,200 మీద లీటరు నీళ్లు మరిగేసరికి దాదాపు 320 సార్లు వెలిగింది, అంటే యూనిట్‌లో పదోవంతు. మరగబెట్టడంలో దీనికి వంక పెట్టలేను. అన్నం, చారు, కోడిగుడ్లు, చాయ అన్నీ దీని మీదే.

కొనేవాళ్లు ఇంటి నుంచి ఒక గిన్నె తీసుకెళ్లండి. షాపులోనే నీళ్లు మరిగించి 300కి దించమని అడగండి. బుడగలు వచ్చి ఆగి, వచ్చి ఆగి పోతుంటే అది మా స్టవ్ లాంటిదే. అలాంటిది తీసుకుంటే ఇంకో ఐదారు వందలు మందపాటి అడుగున్న గిన్నెకు పెట్టుకోండి.