ఫిలడెల్ఫియాలో జాక్ కెల్లీ కోసం ఒక పూట

ఫిలడెల్ఫియా వెళ్ళిన మనవాళ్ళు లిబర్టీ బెల్ చూసి, ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద ఫొటో దిగి, సాయంత్రానికి న్యూజెర్సీ చేరిపోతారు. ఆ మ్యూజియం వెనకే స్కూకిల్ నది, ఒడ్డున వరసగా పడవల క్లబ్బులు: బోట్‌హౌస్ రో. నేను వెళ్ళింది వాటి కోసమే.

పదో నంబరు వెస్పర్ క్లబ్బు. పడవ పందేల ఒలింపిక్ విజేత జాక్ కెల్లీ ఇక్కడివాడే. 1889లో ఐరిష్ వలస కుటుంబంలో పుట్టి, తాపీపని చేస్తూ తెడ్డు పట్టాడు. 1920లో ఇంగ్లండ్‌లోని హెన్లీ పందేలకు పేరిస్తే నిర్వాహకులు వద్దన్నారు. వెస్పర్‌తో 1905 నాటి పాత గొడవ ఒక కారణం. కూలిపని చేసినవాడు అమెచ్యూర్ (డబ్బు కోసం కాక సరదాకి ఆడేవాడు) కాడన్న నిబంధన ఇంకోటి. ఇటుకలు మోసిన కండలతో దొరబిడ్డల మీద పోటీకి దిగడం అన్యాయమట! ఆ ఏడు హెన్లీలో గెలిచిన జాక్ బెరెస్‌ఫర్డ్‌నే కెల్లీ ఒలింపిక్స్ సింగిల్స్ ఫైనల్లో ఒక్క సెకను తేడాతో ఓడించాడు. ఆంట్వెర్ప్ ఒలింపిక్స్ అన్న మాటే గానీ పడవ పందేలు జరిగింది బ్రస్సెల్స్ దగ్గరి కాలువలో. అరగంట తర్వాత కజిన్ పాల్ కాస్టెల్లోతో కలిసి డబుల్స్ స్వర్ణమూ కొట్టాడు. 1924లో పారిస్‌లో మళ్ళీ అదే జోడీ, అదే పతకం. చెమట టోపీని ఇంగ్లండ్ రాజుకు పంపాడన్న కథ కూడా ఉంది; నిజమో కాదో గానీ వినడానికి బాగుంటుంది.

క్లబ్బులు ప్రైవేటువి, లోపలికి రానివ్వరు. బాత్రూమ్ కావాలంటే ఒకటో నంబరు లాయిడ్ హాల్‌కి వెళ్ళాలి. తెల్లవారుజామున వెళ్తేనే పడవలు కనిపిస్తాయి. బల్లెంలా సన్నటి పడవ, ఒక్క మనిషి, రెండు తెడ్లు; వెనక్కి తిరిగి కూర్చుని ముందుకు పోతుంటాడు. రాత్రి ఈ క్లబ్బుల దీపాలు చూడాలంటే అవతలి ఒడ్డుకు వెళ్ళండి.

నది వెంట రోడ్డు పేరు కెల్లీ డ్రైవ్. అది తండ్రి పేరు కాదు, కొడుకుది. 1947లో, 1949లో హెన్లీ గెలిచి నాన్న బాకీ తీర్చింది ఆ జూనియరే. తండ్రి విగ్రహం ఎగువన గ్రాండ్‌స్టాండ్ దగ్గర ఉంది, తెడ్లు పట్టుకుని పడవలో కూర్చున్నట్టు. నడిస్తే దూరం, సైకిల్ అద్దెకు తీసుకోవడం నయం.

హెన్రీ ఎవెన్యూలో ఆయన కట్టించిన ఇటుకల ఇంటికి కూడా వెళ్ళాను. హాలీవుడ్ తార, మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ ఆయన కూతురే. ఇప్పుడది మొనాకో ప్రిన్స్ ఆల్బర్ట్‌ది. గేటు బయట బోర్డు చదువుకుని రావడమే. దానికోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

బస డౌన్‌టౌన్‌లో తీసుకున్నాం. గది శుభ్రమే, పార్కింగ్‌కి మాత్రం విడిగా బాదారు, బుక్ చేసేటప్పుడు ఆ ఊసే లేదు. కారుంటే కింగ్ ఆఫ్ ప్రష్యా అనే శివారు ఊరి వైపు దిగండి. కాకపోతే పొద్దున్నే పడవలు చూడాలంటే చీకటితోనే బయల్దేరాలి, అక్కణ్ణుంచి వచ్చే హైవే ట్రాఫిక్ సంగతి అక్కడివాళ్ళని అడగండి.