జియోబోర్డు బాగుంది, మేకులే దారి తప్పాయి

మూడో తరగతి చదివే మనవరాలి కోసం హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ఆటవస్తువుల దుకాణంలో ఈ జియోబోర్డు కొన్నాను. 380 రూపాయలు తీసుకున్నారు. ఒక పలక, దానిమీద ఐదు వరుసల్లో వరుసకు ఐదు చొప్పున ప్లాస్టిక్ మేకులు, పొట్లం నిండా రంగుల రబ్బరు బ్యాండ్లు, ఒక చిన్న పాఠాల పుస్తకం. మేకులకు బ్యాండ్లు తగిలించి ఆకారాలు చేయాలి. నాది వడ్రంగం కాబట్టి కొలతల దగ్గర కాస్త చాదస్తం ఎక్కువ, సర్దుకోండి.

ముందు మంచి మాట. కాగితం మీద గీసిన చతురస్రం కదలదు. ఇక్కడ దాన్ని లాగి దీర్ఘచతురస్రం చేయవచ్చు. ఒక్క మూలే జరిపితే ఆకారం వంకర పోతుందని, పక్కపక్క మూలలు రెండూ కలిపి జరపాలని పిల్లకు ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసింది.

అసలు మజా ఏటవాలు చతురస్రాలది. ఒక మేకు నుంచి రెండు గళ్లు కుడికి, ఒక గడి పైకి వెళ్లాలి. అక్కడి నుంచి ఒక గడి ఎడమకు, రెండు గళ్లు పైకి. మిగతా రెండు భుజాలూ ఇదే లెక్క. “ఇది డైమండ్ తాతా, చతురస్రం కాదు” అంది. పలకను కొంచెం తిప్పి ముందు పెట్టాను. కాసేపు చూసి, మళ్లీ వెనక్కి తిప్పి, నవ్వింది. ఈ 25 మేకుల మీద చతురస్రాలు నిటారుగా 30, ఏటవాలుగా 20 చేయవచ్చు. సెలవు రోజంతా గడిచిపోతుంది.

ఇక తగాదా. టేపు పెట్టి చూస్తే చివరి మేకుల మధ్య అడ్డంగా 16 సెంటీమీటర్లు, నిలువుగా 16.4! కర్ణాలు మాత్రం సమానంగానే వచ్చాయి. దర్వాజా చౌకట్టు బిగించేటప్పుడు మేం చేసే పరీక్ష అదే: ఎదురెదురు పట్టీలు సమానమై, మూల నుంచి మూలకు రెండు కొలతలూ కలిస్తే నాలుగు మూలలూ లంబకోణాలే. అయితే ఆ పరీక్ష దీర్ఘచతురస్రం వరకే. చతురస్రం కావాలంటే కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా కూడా ఖండించుకోవాలి. ఈ పలకపై అది కుదరదు. నాలుగు మిల్లీమీటర్లు పిల్లల కంటికి ఆనవు గానీ, భుజాలు స్కేలుతో కొలిచి రాయమని అడిగేది వాళ్ల పుస్తకమే.

ఆ పుస్తకం సంగతి ఇంకా ఘోరం. నాలుగు భుజాలూ సమానమైతే చతురస్రమట. నాలుగు ఐస్‌క్రీం పుల్లలు తెచ్చి, మూలల్లో గుండుసూదులు గుచ్చి, పక్కకు నెట్టి చూడమనండి. భుజాలు సమానమే, మూలలు మాత్రం ఒరిగిపోతాయి. కొత్త చౌకట్టుకు మేం అడ్డపట్టీ కొట్టేది ఇందుకే. ఇంకో పేజీలో చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల గడిలో పెడితే తప్పని అచ్చువేశారు. నాలుగు లంబకోణాలుంటే దీర్ఘచతురస్రం. చతురస్రానికి అవి లేవా?

ఇంట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కొత్తవాడ జంపఖానా ఉంది. దాన్ని పరిచి పొడవును కొద్దికొద్దిగా మడుస్తూ పోయాం. ఐదడుగులు. “ఇప్పుడు?” “దీర్ఘచతురస్రమే.” నాలుగున్నర. “ఇప్పుడూ అదే.” సరిగ్గా నాలుగుకు వచ్చేసరికి చేయి ఆపి, “రెండూనా తాతా?” అంది. పుస్తకంలో ఆ పేజీని పెన్సిలుతో కొట్టేశాను.

రబ్బరు బ్యాండ్లు నాసిరకం, త్వరగా తెగుతాయి. పలక అంచులు గరుకుగా ఉన్నాయి, ఉప్పుకాగితంతో రుద్దాను.

పలకకు ఐదుకు మూడు ఇస్తాను, పుస్తకానికి ఒకటి కూడా ఎక్కువే. కొనేవాళ్లు జేబులో టేపు పెట్టుకుని వెళ్లండి. అడ్డం, నిలువు సమానంగా ఉన్న పలక దొరికేదాకా పెట్టెలు విప్పించండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.